తల్లి మేత, పిల్ల మేని రంగు – ఒక ప్రసిద్ధ ప్రయోగముపై విమర్శ

ప్రక్కప్రక్కన కూర్చున్న రెండు చిట్టెలుకల చిత్రము ఒకటి ఇటీవలి జీవశాస్త్ర గ్రంథములలో తరచుగా కనబడుచుండును. వానిలో ఒకటి పసుపువన్నెతో, బాగుగా క్రొవ్వి, బంతివలె నుండును. రెండవది గోధుమవన్నెతో, సన్నగా, చురుకుగా నుండును. ఈ రెండింటి జన్యుసంపద ఒక్కటే యనియు, గర్భకాలమున తల్లి తిన్న మేతలోనే భేదమున్నదనియు చిత్రము క్రింద వ్రాసియుందురు. కొందరు అంతటితో ఆగక, "కావున తల్లి తిన్న తిండియే బిడ్డ తలవ్రాత" అని కూడ తీర్పు చెప్పుదురు. గర్భిణీ స్త్రీలకు టానిక్కులు, మాత్రలు అమ్ముకొనువారికి ఇంతకంటె అనుకూలమైన వాక్యము దొరకదు.

ఈ చిత్రమునకు మూలమైన ప్రయోగము ఏమి నిరూపించినది, ఏమి నిరూపింపలేదు అను విషయమును విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ప్రయోగమును తక్కువ చేయుట మా అభిమతము కాదు. అది చక్కని ప్రయోగము. కాని చక్కని ప్రయోగమునకు తొందరపాటు వ్యాఖ్య తోడైనపుడు విజ్ఞానమునకే గాక, ఆ వ్యాఖ్యను నమ్మినవారికి కూడ నష్టము కలుగును. మన ఉన్నత పాఠశాలలలో నేడు బల్లలమీద కూర్చున్న బాలికలలో పెక్కుమంది మరి కొన్ని యేండ్లకు తల్లులగుదురు. వారికి ఉపాధ్యాయుడు ఈ విషయమున చెప్పు నాలుగు మాటలు సరియైనవిగా నుండుట మిక్కిలి అవసరము.

పూర్వకథ

తల్లి ఆహారమునకును పిల్లల అవయవ నిర్మాణమునకును గల సంబంధము చిట్టెలుకలతో ప్రారంభము కాలేదు. 1933లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున హేల్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఆడపందికి గర్భధారణకు ముందు చాలకాలమునుండి, గర్భము ధరించిన తరువాత మొదటి నెలవరకును, విటమిను-ఎ లేని మేతను పెట్టెను. దానికి పుట్టిన పదునొకండు పిల్లలలో ఒక్కదానికైనను కనుగ్రుడ్లు లేవు. అంతవరకు పుట్టుకతో వచ్చు అవకరములన్నియు వంశపారంపర్యములేయని తలచినవారికి ఇది గొప్ప ఆశ్చర్యమును కలిగించెను. 1940లో వార్కనీ, నెల్సన్ అనువారు రైబోఫ్లేవిన్ అను విటమిను కొరవడిన తల్లి ఎలుకలకు ఎముకల నిర్మాణము చెడిన పిల్లలు పుట్టుటను చూపిరి.

వీనిని బట్టి, "విటమిను లేకున్న కీడు, కావున ఎంత ఎక్కువ ఇచ్చిన అంత మేలు" అని సామాన్యుడు ఊహించుట సహజము. కాని 1953లో కోలన్ అను వైద్యుడు గర్భముతోనున్న ఎలుకలకు విటమిను-ఎను అతిగా ఇచ్చి చూచెను. వాని పిల్లలలో పెక్కింటికి మెదడు, పుర్రె సరిగా ఏర్పడలేదు. లోపించినను కీడు, మితిమీరినను కీడు. ఉప్పు లేని కూరయు, ఉప్పు కసమైన కూరయు విస్తరిలో ఒకే విధముగా మిగిలిపోవును గదా! ఈ పాఠమును మనస్సున నుంచుకొని చిట్టెలుకల కథలోనికి పోవుదము.

ప్రయోగము ఎట్టిది?

చిట్టెలుకలయందు అగూటీ అను జన్యువొకటి కలదు. వెండ్రుక పెరుగుచున్నపుడు అది కొద్దికాలముమాత్రము పనిచేసి, నల్లని వెండ్రుకలో ఒక పసుపు పట్టెను కలిగించి, మరల ఊరకుండును. సామాన్యమైన ఎలుకకు గోధుమవన్నె ఇందువలననే వచ్చుచున్నది. ఈ జన్యువుయొక్క ఒక మార్పురూపము ఉన్నత పాఠశాల విద్యార్థులకు పరిచితమే. రెండు ప్రతులు కూడిన పిండము గర్భమునందే నశించును గనుక దానిని ప్రాణాంతక పసుపు అందురు. 2:1 నిష్పత్తికి ఉదాహరణగా పాఠ్యగ్రంథములలో చెప్పబడునది అదియే. 1962లో డికీ అను శాస్త్రజ్ఞురాలు వేరొక పసుపురూపమును వర్ణించెను. రెండు ప్రతులున్నను ఇందు పిండము బ్రదుకును. కావున దీనికి బ్రదుకగల పసుపు అని పేరు వచ్చినది.

ఈ రెండవ రూపమున అగూటీ జన్యువునకు చాల ముందుగా ఒక పరాయి డి.ఎన్.ఎ. ముక్క వచ్చి చేరియున్నది. ఇట్టి ముక్కలను ట్రాన్స్‌పోజానులందురు. ఇవి పూర్వమెప్పుడో తమ ప్రతులను తాము చేసికొనుచు క్రోమోసోములలో అచ్చటచ్చట దూరి స్థిరపడినవి. అగూటీ జన్యువునకు ముందు చేరిన ముక్క ఆ జన్యువును అన్ని అవయవములలోను, అన్ని వేళలను పనిచేయించును. వెండ్రుకలో ఆ జన్యుపదార్థము నిండి మేని రంగు పూర్తిగా పసుపగును. మెదడులో ఆకలిని అదుపుచేయు స్థానమున అది అడ్డు తగులుటచే ఎలుక అతిగా తిని క్రొవ్వును; మధుమేహమునకును, కంతులకును లోనగును. అనగా పసుపురంగును, స్థూలత్వమును ఒకే మూలమునుండి వచ్చినవి.

అయితే ఈ చొరబాటు ముక్కను కణము నిశ్శబ్దము చేయగలదు. డి.ఎన్.ఎ.లోని కొన్ని స్థానములకు మిథైల్ అను చిన్న రసాయన సమూహము అతికినచో ఆ ముక్క ఊరకుండును. జన్యువు తన సహజమైన పద్ధతిలోనే నడచును. ఎలుక గోధుమవన్నెతో సన్నగా నుండును. ఇచ్చట డి.ఎన్.ఎ. అక్షరములు మారలేదు. పుస్తకము ఒక్కటే, ఒక పుటకు బందు వేయబడినది, అంతే. ఇట్టి మార్పులను గూర్చిన శాస్త్రమునకే ఎపిజెనెటిక్సు అని పేరు.

ఈ మిథైల్ సమూహములు శరీరమునకు ఆహారమునుండి లభించును. ఫోలిక్ ఆమ్లము, విటమిను బి-12, కోలీను, బీటైను అనునవి వానిని సమకూర్చుటకు తోడ్పడును. తల్లికి వీనిని ఎక్కువగా ఇచ్చిన పిల్లలలో బందు బిగియునా? ఈ ప్రశ్నను 1998లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున వుల్ఫ్, కూనీ మున్నగువారు పరీక్షించి, పిల్లల రంగు గోధుమవైపు జరుగుటను చూచిరి. 2003లో డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాటర్‌లాండ్, జర్టిల్ అనువారు ఇదే ప్రశ్నను మరింత కట్టుదిట్టముగా అడిగిరి. వారు పసుపు జన్యువు లేని నల్లని ఆడ ఎలుకలకు జతకు రెండు వారములు ముందునుండి, గర్భకాలమునందును, పాలిచ్చు కాలమునందును అదనపు పోషకములు కలిపిన మేతను పెట్టిరి. పసుపు జన్యువు తండ్రినుండి మాత్రమే వచ్చినది. పుట్టినవానిలో ఆ జన్యువు పొందిన పిల్లలను రంగునుబట్టి ఐదు తరగతులుగా విభజించిరి. పోషకములు తిన్న తల్లుల పిల్లలలో గోధుమవైపు తరగతులు హెచ్చినవి. అంతేగాక ఆ చొరబాటు ముక్క దగ్గరనున్న ఏడు స్థానములలో మిథైల్ సమూహములను కొలిచి, రంగు మార్పునకు ఆ మార్పే కారణమని చూపిరి.

మెచ్చవలసిన గుణములు

విమర్శ యనగా తప్పులు పట్టుట మాత్రమే కాదు గనుక మొదట గుణములను చెప్పుదము.

పసుపు తల్లికి పసుపు పిల్లలు ఎక్కువగా పుట్టుదురని 1999లో సిడ్నీలోని వైట్‌లా బృందమువారు ప్రకటించియుండిరి. నల్లని తల్లిని తీసికొనుటవలన ఈ చిక్కు తొలగినది. తల్లి మేత ప్రభావమునకును, తల్లినుండి సంక్రమించిన గుర్తు ప్రభావమునకును ముడిపడకుండ ప్రయోగము నడచినది. ఇది మొదటి గుణము.

ఫలితమును మాత్రమే గాక మార్గమును కూడ కొలుచుట రెండవ గుణము. హేల్ పందిపిల్లలకు కన్నులు లేవని చూచెను. ఎందుచేత లేవో ఆనాడు ఎవరికిని తెలియదు. ఇచ్చట మేతకును రంగునకును నడుమనున్న మెట్టు కూడ కొలతకు దొరకినది.

2006లో వాటర్‌లాండ్ బృందమువారు వేరొక జన్యువుపై ఇదే పద్ధతిని ప్రయోగించుట మూడవది. ఆక్సిన్ అను ఆ జన్యువులో ఇట్టి చొరబాటు ముక్కయే చేరినచో ఎలుక తోక మెలిదిరుగును. తల్లి మేతలో అదనపు పోషకములున్నపుడు ఇట్టి తోకగల పిల్లల సంఖ్య సగమునకు తగ్గినది. ఒకే సూత్రము రెండు చోట్ల నిలిచినది.

ఇక విమర్శ

మొదటి ఆక్షేపణ చిత్రమునకు సంబంధించినది. ఐదు తరగతుల వరుసలో ఈ చివరనుండి ఒకదానిని, ఆ చివరనుండి ఒకదానిని ఏరి ప్రక్కప్రక్కన నిలిపినచో, పోషకములు తినని తల్లికి అన్నియు పసుపు పిల్లలు, తిన్న తల్లికి అన్నియు గోధుమ పిల్లలు పుట్టినట్లు చూపరులకు తోచును. నిజమునకు ఏ మేత తిన్న తల్లికైనను పసుపు, మచ్చలు, గోధుమ మూడు రకములును పుట్టుచుండును. మేత చేసినది ఆ పంపకమును ఒక వైపునకు జరుపుట మాత్రమే. ఒక తరగతిలో సగటు మార్కులు పెరిగినవన్న మాటకును, ప్రతి విద్యార్థియు మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెనన్న మాటకును ఎంత భేదమో ఇచ్చటను అంత భేదమున్నది. ఒకే తల్లి, ఒకే మేత, ఒకే ఈతలోని తోబుట్టువులు సైతము వేర్వేరు రంగులతో నుండుట కేవలము యాదృచ్ఛికత వలన. చిత్రము ఈ యాదృచ్ఛికతను పూర్తిగా దాచివైచినది.

రెండవ ఆక్షేపణ లెక్కకు సంబంధించినది. ప్రయోగమున ఒక్కొక్క వైపున సుమారు పదిమంది తల్లులున్నవి. పిల్లల సంఖ్య అంతకు కొన్ని రెట్లుండుటచే పట్టిక పెద్దదిగా కనబడును. కాని మేతను తిన్నది తల్లి. ఒక తల్లి పిల్లలన్నియు ఒకే గర్భమును పంచుకొన్నవి. వానిని ఒకదానితో నొకటి సంబంధము లేని వేర్వేరు సాక్షులుగా లెక్కింపరాదు. ఒకే ఇంటిలోని నలుగురు చెప్పిన సాక్ష్యము నాలుగు ఊళ్ళవారు చెప్పిన సాక్ష్యముతో సమానము కాదు గదా! ఇట్టి పరిశోధనలలో ఈతను లెక్కయొక్క ప్రమాణముగా గ్రహింపవలెనను నియమమును విద్యార్థులు ఇచ్చటనే నేర్చుకొనవచ్చును.

ఈ జాగ్రత్త ఎందులకో తరువాతి చరిత్ర చూపినది. 2006లో డోలినాయ్ మున్నగువారు తల్లి ఎలుక మేతలో సోయాచిక్కుడులోని జెనిస్టీన్ అను పదార్థమును కలిపినపుడు కూడ పిల్లల రంగు గోధుమవైపు జరిగెనని ప్రకటించిరి. 2007లో ప్లాస్టికులలోని బిస్‌ఫినాల్-ఎ దానికి వ్యతిరేకముగా పసుపువైపు జరుపునని చెప్పిరి. ఈ రెండును లోకమున మిక్కిలి ప్రచారము పొందినవి. 2013లో మిస్సోరీ విశ్వవిద్యాలయమున రోజెన్‌ఫెల్డ్ బృందమువారు ఈ రెండు పదార్థములను మరల పరీక్షించి, మేని రంగుపై వాని ప్రభావము మిక్కిలి స్వల్పమని తేల్చిరి. మొదటి ప్రకటన విన్నవారిలో రెండవదానిని విన్నవారెందరు? జెనిస్టీన్ మిథైల్ సమూహములను అందించు పదార్థము కాదన్న సంగతి కూడ గమనింపదగినది. అది నిజముగా రంగును మార్చగలిగినచో "మిథైల్ ఎక్కువ తిన్న బందు ఎక్కువ పడును" అను సులువైన కథ చాలదని అర్థము. మార్పకున్నచో ఆనాటి ఫలితమే నిలువలేదని అర్థము. ఏ విధముగా చూచినను కథ పాఠ్యగ్రంథములలో చెప్పినంత తిన్ననైనది కాదు.

మూడవ ఆక్షేపణ మోతాదునకు సంబంధించినది. ఈ ప్రయోగములలో కిలో మేతకు అదనముగా కలుపు కోలీను, బీటైను సుమారు 5 గ్రాముల చొప్పున, ఫోలిక్ ఆమ్లము సుమారు 5 మిల్లీగ్రాములు, బి-12 సుమారు అర మిల్లీగ్రాము. తరగతిలో దీనిని చిన్న లెక్కగా చేయించవచ్చును. 30 గ్రాముల తూకముగల ఎలుక దినమునకు 5 గ్రాముల మేత తినుననుకొందము. దానికి చేరు అదనపు ఫోలిక్ ఆమ్లము 0.025 మిల్లీగ్రాము. దీనిని శరీరపు తూకమునుబట్టి 50 కిలోల స్త్రీకి లెక్కగట్టిన దినమునకు సుమారు 42 మిల్లీగ్రాములగును. గర్భిణులకు సామాన్యముగా సిఫారసు చేయబడిన 0.4 మిల్లీగ్రామునకు ఇది నూరు రెట్లకు మించినది. అట్లుగాక తినుచున్న తిండి తూకమునుబట్టి లెక్కించి, స్త్రీ దినమునకు అరకిలో పొడి ఆహారము తినుననుకొనిన, 2.5 మిల్లీగ్రాములు వచ్చును. అనగా ఆరు రెట్లు మాత్రమే. కోలీను విషయమున ఈ రెండవ పద్ధతినే అనుసరించినను 2.5 గ్రాములగును. గర్భిణికి చాలునని అమెరికాలో నిర్ణయించిన 0.45 గ్రామునకు అది అయిదు రెట్లకు మించును. కొలబద్ద మార్చినంతనే ఆరు రెట్లు నూరు రెట్లగుచున్నపుడు, ఎలుక మోతాదును మనుష్యునకు తిన్నగా అప్పగించుట ఎట్లు సాధ్యము? పైగా ఆ ఎలుకల మామూలు మేతలోనే ఈ పోషకములన్నియు చాలినంత ఉన్నవి. ప్రయోగము పరీక్షించినది లోపమును పూరించుటను కాదు. నిండిన కుండలో మరల పోయుటను. నాలుగు పోషకములును కలిపియే ఇచ్చుటచే వానిలో ఏది ఎంత పని చేసినదో చెప్పుటకును వీలులేదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ జన్యువు మాదిరి జన్యువా, లేక వింత జన్యువా? బొగ్గు గనిలోని విషవాయువును పసిగట్టుటకు పూర్వము పిట్టను తీసికొనిపోయెడివారు. పిట్ట చచ్చినంత మాత్రమున మనుష్యుడు కూడ అంత త్వరగా చచ్చునని అర్థము కాదు. అంత సున్నితమైనది గనుకనే దానిని ఎన్నుకొనిరి. పసుపు ఎలుకయు అట్టిదే. 2018లో కేంబ్రిడ్జిలోని ఫెర్గూసన్-స్మిత్ బృందమువారు చిట్టెలుక జన్యుసంపదలో ఈ జాతికి చెందిన చొరబాటు ముక్కలనన్నింటిని వెదకిరి. అవి పదివేలకు పైగా నున్నవి. వానిలో ఒక ఎలుకకును మరొక ఎలుకకును మిథైల్ మోతాదు మారుచుండునవి మిక్కిలి కొద్ది. ఆ కొద్దిపాటివి సైతము వివిధ పరిసర ప్రభావములకు అంతగా లొంగవని అదే బృందమువారు 2021లో ప్రకటించిరి. అనగా మనము సూత్రమునకు ఉదాహరణ యని చెప్పుచున్నది సూత్రమునకు అపవాదము కావచ్చును. మనుష్యుని అగూటీ జన్యువునకు ముందు ఇట్టి ముక్క అసలే లేదు.

ఐదవది మనుమల విషయము. తల్లి తిన్న మేత ప్రభావము మనుమలవరకు పోవునని 2006లో ఆస్ట్రేలియానుండి ఒక ప్రకటన వచ్చినది. 2007లో వాటర్‌లాండ్ బృందమువారు తమ ఎలుకలలో ఆడ సంతతి ద్వారా అట్టి సంక్రమణము లేదని ప్రకటించిరి. ప్రయోగమును ప్రసిద్ధము చేసినవారే ఈ మాట చెప్పుట గమనార్హము. "అమ్మమ్మ తిన్నది మనుమరాలి ఒంటికి పట్టును" అను వాక్యమును తరగతిలో నిశ్చయముగా చెప్పుటకు ఇది చాలదు.

ఆరవది మేలు, కీడుల విషయము. ఇచ్చట జన్యువునకు బందు పడుట మేలైనది. ఏలయన ఆ జన్యువు అదుపు తప్పినది. కాని మిథైల్ సమూహము మంచి జన్యువును, చెడ్డ జన్యువును ఎరిగి అతుకునది కాదు. అవసరమైన జన్యువునకు బందు పడినచో? ఈ ప్రశ్నను మేము క్రొత్తగా వేయుట లేదు. కేవలము మేలేయని చిరకాలముగా తలచబడుచున్న అదనపు పోషకములు ఊహింపని కీడును కూడ చేయవచ్చునని 2003 వ్యాసమున ఆ రచయితలే హెచ్చరించిరి. చిత్రము దేశదేశములు తిరిగినది. హెచ్చరిక మాత్రము గ్రంథాలయపు బీరువాలోనే ఉండిపోయినది.

మనుష్యుల మాట

"అట్లయిన గర్భిణులకు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వట్టివేనా?" అని పాఠకులు అడుగవచ్చును. కాదు, ముమ్మాటికి కాదు. ఈ విమర్శను చదివి ఎవరైనను ఆ మాత్రను మానినచో అది మొదటి పొరపాటుకంటె పెద్ద పొరపాటగును. ఆ మాత్రకు సాక్ష్యము పసుపు ఎలుకనుండి వచ్చినది కాదు. వేరొక దారిని, అంతకు ముందే వచ్చినది.

ఆ దారి మన దేశమునుండియే ప్రారంభమైనది. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలకు వచ్చు రక్తహీనతను పరిశోధించుటకు వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని పదార్థము ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1945లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ బృందమే ఫోలిక్ ఆమ్లమునకు అడ్డు తగులు అమినోప్టెరిన్ అను మందును కూడ తయారుచేసెను. లుకీమియాతో బాధపడు బాలురకు అది తాత్కాలికముగా ఉపశమనమిచ్చినది. కాని గర్భకాలమున వాడినచో పిండమునకు అవకరములు కలిగించునని 1950 తరువాత తెలిసినది. పెరుగుచున్న పిండమునకు ఫోలిక్ ఆమ్లము ఎంత అవసరమో ఈ విపరీత సాక్ష్యము కూడ చెప్పుచున్నది.

పిమ్మట 1991లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలివారి పరీక్ష ప్రకటితమైనది. వెన్నెముకయు, మెదడును ఏర్పడు నాడీనాళము సరిగా మూసికొనని శిశువు పూర్వము కలిగిన స్త్రీలను ఏడు దేశములలో, 33 కేంద్రములలో, 1,817 మందిని చేర్చుకొనిరి. కొందరికి దినమునకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గర్భధారణకు ముందునుండియే ఇచ్చిరి. ఎవరికి ఏది ఇవ్వవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. ఫలితము తెలిసిన 1,195 గర్భములలో ఈ అవకరము 27 మంది శిశువులకు కలిగినది. వారిలో 6 మంది ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నవారి శిశువులు; 21 మంది పుచ్చుకొననివారి శిశువులు. అనగా నూటికి 72 పాళ్ళు రక్షణ. మరుసటి సంవత్సరమే హంగరీ దేశమున, పూర్వము అట్టి శిశువు లేని స్త్రీలలో కూడ, తక్కువ మోతాదుతో మేలు కనబడినది.

ఇచ్చట కాలము ప్రధానము. నాడీనాళము గర్భధారణ జరిగిన 28వ దినము నాటికే మూసికొనును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియనైన తెలియదు. కావుననే గర్భమునకు ముందునుండి పన్నెండవ వారమువరకు దినమునకు 0.4 మిల్లీగ్రాము పుచ్చుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయుచున్నది. మూడవ నెలలో వాంతులు మొదలైన తరువాత కొన్న ఖరీదైన టానిక్కు ఈ పనిని చేయజాలదు.

పసుపు ఎలుక లేవనెత్తిన ప్రశ్నకు మనుష్యులలో సమాధానము వెదకువారును ఉన్నారు. ఆఫ్రికాలోని గాంబియా పల్లెలలో వానకాలపు ఆహారమునకును, ఎండకాలపు ఆహారమునకును చాల భేదముండును. ఆ రెండు ఋతువులలో గర్భమున పడిన శిశువుల కొన్ని జన్యుస్థానములలో మిథైల్ మోతాదు వేరుగా నున్నట్లు 2010 మొదలుకొని ప్రకటనలు వచ్చినవి. వానిలో వాటర్‌లాండ్ కూడ భాగస్వామియే. 2008లో పూనా పరిశోధకులు, గర్భకాలమున ఫోలిక్ ఆమ్లము ఎక్కువగాను, బి-12 తక్కువగాను ఉన్న తల్లుల పిల్లలలో ఆరవ యేట ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణములు హెచ్చుగా నున్నవని గమనించిరి. మాంసము తినని కుటుంబములలో బి-12 లోపము సామాన్యమగుటచే ఈ ఫలితము మనకు ఆలోచింపదగినది. కాని ఇవి గమనికలే గాని ప్రయోగములు కావు. ఋతువుతోబాటు పనియు, రోగములును మారును. తల్లి రక్తములోని విటమినుతోబాటు ఆమె ఇంటి ఆదాయమును మారవచ్చును.

ఎలుకలతో కూడ తొందరపడని పరిశోధనకు ఉదాహరణము మన హైదరాబాదులోనే కలదు. 2004లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన పరిశోధకులు తల్లి ఎలుకలకు విటమినులను తగ్గించి చూచిరి. పిల్లలలో క్రొవ్వు హెచ్చినది. కాని ఆరు నెలల వయస్సు వరకు ఇన్సులిన్ పనిలో లోపము కనబడలేదు. వారు తమ వ్యాసపు పేరులోనే ఈ రెండింటిని చెప్పిరి. దొరకినదానితోబాటు దొరకనిదానిని కూడ శీర్షికలోనే చెప్పుట శాస్త్రజ్ఞునకు శోభనిచ్చు పద్ధతి.

ఉపాధ్యాయులకు

ఇన్ని ఆక్షేపణలు ఉన్నవి గదాయని ఈ ప్రయోగమును తరగతినుండి బహిష్కరింపనక్కరలేదు. జన్యువు ఉన్నంత మాత్రమున ఫలితము ఖాయము కాదనియు, జన్యువు పలుకుటకును, ఊరకుండుటకును పరిసరములు కూడ తోడగుననియు ఇంత స్పష్టముగా కన్నులకు కట్టించు ఉదాహరణము మరియొకటి దొరకుట కష్టము. చెప్పవలసిన విధముగా చెప్పినచో చాలును. చిత్రమును చూపిన వెంటనే విద్యార్థులచేత ఈ ప్రశ్నలు అడిగించుట మంచిది: నడుమనున్న మూడు తరగతుల ఎలుకలు ఏవి? తల్లులు ఎన్ని? తల్లికి మామూలు మేతలో ఏమి కొరవడినది? వేరొక పరిశోధనాలయమున మరల చేసి చూచిరా? ఈ జన్యువు మనకు కలదా? ఈ అయిదు ప్రశ్నలు అడుగ నేర్చిన విద్యార్థి రేపు ఏ మందుసీసా ప్రకటన చూచినను అవే ప్రశ్నలు అడుగును.

మరియొక మాట. "తల్లి తిన్నదే బిడ్డ తలవ్రాత" అను వాక్యము పైకి తల్లిని గౌరవించునట్లు కనబడును. కాని బిడ్డ అవకరముతో పుట్టిన ఇంటిలో అదే వాక్యము నేరారోపణగా మారును. ఒకే ఈతలో, ఒకే మేతతో పుట్టిన ఎలుకపిల్లలే వేర్వేరు రంగులతో నుండుటను చూచిన తరువాత, ఒక శిశువు అవకరమునకు తల్లి పళ్ళెమును తప్పుపట్టుట ఏ శాస్త్రము? ఫోలిక్ ఆమ్లము సరిగా పుచ్చుకొన్న ఆరుగురు తల్లులకు సైతము ఆ పరీక్షలో అవకరముగల శిశువులు కలిగిరని మరువరాదు. పోషకము అపాయమును తగ్గించును, తుడిచివేయదు. దానిని సకాలమున అందించు భారము తల్లిది మాత్రమే కాదు, ఆమె కుటుంబమునది, గ్రామ ఆరోగ్యకేంద్రమునది కూడ.

ఇకమీదట ఆ చిత్రమును ముద్రించువారు దానిక్రింద ఇట్లు వ్రాసిన బాగుండును: "ఒక అరుదైన జన్యువుగల చిట్టెలుకలలో, చాలినంత తినుచున్న తల్లులకు నాలుగు పోషకములను అదనముగా ఇచ్చినపుడు, గోధుమవన్నె పిల్లలు పుట్టు అవకాశము కొంత హెచ్చినది. ఇవి వరుసలోని రెండు చివరలు మాత్రమే." ఈ వాక్యము పూర్వపు వాక్యమంత ఆకర్షణీయముగా నుండదు. అయినను పరీక్షకు నిలుచునది ఇదియే.